సర్వీసు నడవనప్పుడు మన ప్రోగ్రాం ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన మన తెలుగు పిల్లలు అడిగే సందేహాల్లో ఇది ఎప్పటికీ తెగదు. డేటాబేసో, డాకరో (ప్రోగ్రాంలని కంటెయినర్ అనే విడి డబ్బాల్లో నడిపేది), ప్రింట్ స్పూలరో (ప్రింట్ పనుల్ని వరుసలో పెట్టేది), వెనకాల నడవాల్సిన ప్రోగ్రాం, అంటే సర్వీసు, నడవడం లేదు. ముందున్న ప్రోగ్రాం మాత్రం బారెడు ఎర్రర్ కక్కి చచ్చిపోతుంది. అవే ప్రశ్నలు, అవే స్క్రీన్‌షాట్లు. అందుకని అడిగినవాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు పెట్టి ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా లినక్స్‌వి. దుకాణాల్లో విండోసే ఉంటుంది కాబట్టి దాని సంగతులూ కొన్ని ఉన్నాయి.

## మొదట్లోనే వచ్చే అనుమానాలు

సర్వీసు ఆగిపోతే అది అడ్మిన్ చూసుకోవాలి కదన్నా, నా కోడ్‌లో ఎందుకు పట్టించుకోవాలి?

ఆగడానికి తప్పు ఎవరిదో ఒకరిది కానక్కర్లేదు. అప్‌డేట్ పడి ఐదు సెకన్లు ఆగుతుంది. మెమరీ చాలక కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) చంపేస్తుంది. కరెంటు పోతుంది, యూపీఎస్ కాసేపటికి చేతులెత్తేస్తుంది. మారతహళ్లిలో నెల్లూరాయన నడిపే ఒక కిరాణా కొట్టు ఉంది. పొద్దున్నే మెషిన్ ఆన్ చేయగానే బిల్లింగ్ సాఫ్ట్‌వేరూ మైఎస్‌క్యూఎల్ డేటాబేసూ ఒకేసారి లేస్తాయి. ముందురోజు కరెంటు పోయి మెషిన్ ఆగిపోయి ఉంటే డేటాబేస్ తన లాగ్‌లు సరిచూసుకుని లేవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఈలోగా బిల్లింగ్ తెరుచుకుని, ఎర్రర్ 2003 (డేటాబేస్‌కి కనెక్ట్ కాలేకపోయాం) అని ఒక డబ్బా చూపించి మూసుకుపోతుంది. కౌంటర్ మీద పాల ప్యాకెట్లు పట్టుకుని నలుగురు నిలబడి ఉంటారు. అక్కడ ఎవరి తప్పూ లేదు. "డేటాబేస్ ఇంకా లేస్తోంది, ఆగండి" అని ఇరవై సెకన్లు ఓపిక పట్టి ఉంటే చాలు. సర్వీసు లేకపోవడం అనేది ఎప్పుడో వచ్చే విపత్తు కాదు, రోజూ ఉండే పరిస్థితి. కోడ్‌లో దానికి చోటు ఉండాల్సిందే.

ముందు "నడుస్తోందా" అని చెక్ చేసి, తర్వాత కనెక్ట్ అయితే సరిపోదా?

సరిపోదు. మీరు చెక్ చేసిన క్షణానికీ కనెక్ట్ అయిన క్షణానికీ మధ్య అది పడిపోవచ్చు. కాబట్టి ఎర్రర్ పట్టుకునే కోడ్ ఎలాగూ రాయాలి. అది రాశాక ముందు చెక్ చేయడం వల్ల ఒరిగేది లేదు. పైగా ఆ చెక్ అబద్ధం చెప్పొచ్చు: సర్వీసు వేరే మెషిన్ మీదో కంటెయినర్‌లోనో ఉంటే మీ దగ్గర సిస్టమ్‌సీటీఎల్‌కి (లినక్స్‌లో సర్వీసుల స్థితి చెప్పే కమాండ్) దాని ఊసే తెలియదు. నేరుగా పని అడగండి. రాకపోతే ఎందుకు రాలేదో చూడండి. ముందస్తు చెక్‌కి ఒకే చోట విలువ ఉంది: గంటసేపు నడిచే పని మొదలుపెట్టే ముందు, చివర్లో ఏడవకుండా ఉండటానికి.

పిడ్ ఫైల్ ఉంది. అంటే నడుస్తున్నట్టే కదా?

కాదు. పిడ్ ఫైల్ అంటే సర్వీసు తన ప్రాసెస్ నంబరు రాసుకునే ఫైల్. ప్రాసెస్ క్రాష్ అయితే ఫైల్ అలాగే మిగిలిపోతుంది. ఆ నంబరు తర్వాత ఇంకో ప్రాసెస్‌కి దక్కితే ఇంకా గందరగోళం. ఫైల్ చూసి ఆ నంబరుని కిల్ చేసే స్క్రిప్టులు ఉన్నాయి, దయచేసి అలాంటివి రాయకండి.

## ఎర్రర్ అసలేమంటోంది

"కనెక్షన్ రిఫ్యూజ్డ్" అంటే సర్వీసు ఆగిపోయినట్టేనా?

చాలాసార్లు అంతే. మెషిన్ దొరికింది, మీరడిగిన పోర్టు (మెషిన్‌లో ఒక్కో సర్వీసు వినే నంబరు తలుపు) మీద వినేవాళ్ళు లేరు, వెంటనే "లేదు" అని జవాబు వచ్చింది. లినక్స్‌లో దీని నంబరు 111. కానీ సర్వీసు నడుస్తూనే వేరే పోర్టు మీద, వేరే అడ్రస్ మీద వింటున్నా ఇదే వస్తుంది. ఉదాహరణకి మీరు "లోకల్‌హోస్ట్" (ఇదే మెషిన్) అని రాస్తే అది ఐపీవీ6 (కొత్త తరం) అడ్రస్‌గా మారి, సర్వీసు మాత్రం ఐపీవీ4 (పాత తరం) అడ్రస్ 127.0.0.1 మీద వింటూ ఉండొచ్చు. 2021లో నోడ్ (జావాస్క్రిప్ట్‌ని నడిపేది) 17వ వెర్షన్ వచ్చాక చాలామందికి ఈ దెబ్బ తగిలింది, అంతవరకు ఐపీవీ4ని ముందు పెట్టే అలవాటుని అది మానేసింది. "ఎస్ఎస్" కమాండ్‌తో ఎవరు ఏ అడ్రస్ మీద వింటున్నారో ఒకసారి చూడండి.

నాకు "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" వస్తోంది. నేను ఫైలే తెరవలేదే?

మీరు యూనిక్స్ సాకెట్ (ఒకే మెషిన్‌లోని ప్రోగ్రాంలు మాట్లాడుకునే దారి) ద్వారా వెళ్తున్నారు, దానికి డిస్క్ మీద ఒక పేరు ఉంటుంది. ఆ పేరే లేకపోతే ఈ ఎర్రర్, నంబరు 2. సర్వీసు ఈ బూట్‌లో అసలు లేవలేదు, లేదా పద్ధతిగా ఆగి తన సాకెట్‌ని తుడిచేసింది, లేదా మీరు తప్పు దారిలో వెతుకుతున్నారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ని సోర్స్ కోడ్ నుంచి కడితే సాకెట్ టెంప్ డైరెక్టరీలో పెడుతుంది, డెబియన్, ఉబుంటు ప్యాకేజీలో అయితే వార్‌లోని రన్‌లోని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డైరెక్టరీలో ఉంటుంది. రెండూ కలిస్తే తంటానే.

ఇక్కడ ఒక పనికొచ్చే తేడా ఉంది. సాకెట్ ఫైల్ ఉండి కూడా "రిఫ్యూజ్డ్" వస్తే, సర్వీసు మర్యాదగా ఆగలేదు, క్రాష్ అయింది లేదా ఎవరో కిల్ చేశారు అనే అనుమానానికి బలం ఎక్కువ. మీ సందేశంలో ఈ రెండిటినీ ఒకే వాక్యంలో కలిపేయకండి.

డాకర్ నడుస్తోంది, అయినా "పర్మిషన్ డినైడ్" అంటోంది. రీస్టార్ట్ చేయనా?

వద్దు, రీస్టార్ట్‌తో ఇది పోదు. డీమన్ (వెనకాల నడిచే సర్వీసు ప్రాసెస్) బాగానే ఉంది, దాని సాకెట్‌లో రాసే హక్కు మీకు లేదు. మీ యూజర్‌ని డాకర్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వాలి. లాగిన్ మార్చకుండా "చేర్చినా పనిచేయట్లేదు" అని అడిగేవాళ్ళే ఎక్కువ. ఆ గ్రూపులో ఉండటం రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) హక్కులున్నట్టే లెక్క కాబట్టి ఆఫీసు సర్వర్లో ఎవరిని పడితే వాళ్ళని చేర్చకూడదు. మీ ప్రోగ్రాంలో మాత్రం ఈ ఎర్రర్‌కి (నంబరు 13) "సర్వీసు నడవడం లేదు" అని రాయకండి. అది చదివి పాపం ఎవరో నడుస్తున్న సర్వీసుని ఆపి మళ్ళీ లేపుతారు.

ఏ ఎర్రరూ రాదు, అలా తిరుగుతూనే ఉంటుంది. ఎందుకని?

అవతలి నుంచి "ఉన్నా"ననీ "లేన"నీ జవాబే రావడం లేదు. ఫైర్‌వాల్ ప్యాకెట్లని నిశ్శబ్దంగా పారేస్తోంది, లేదా మెషినే లేదు. లినక్స్ మామూలు సెట్టింగ్‌లో ఇలాంటి కనెక్షన్ కోసం పలుసార్లు మళ్ళీ ప్రయత్నించి, రెండు నిమిషాలు దాటాక గానీ టైమౌట్ అని చెప్పదు. రెండు నిమిషాలు ఏ మనిషీ ఆగడు, ప్రోగ్రాంని మూసేస్తాడు. కనెక్ట్‌కి మీ సొంత టైమౌట్ పెట్టండి: ఒకే ఆఫీసు నెట్‌వర్క్ లోపలైతే 2, 3 సెకన్లు ధారాళంగా సరిపోతుంది. జవాబు చదవడానికి వేరే టైమౌట్ పెట్టాలి, కనెక్ట్ అయ్యాక వేలాడే సర్వీసులూ ఉంటాయి.

స్టేటస్‌లో పచ్చగా "యాక్టివ్" అని ఉంది, కనెక్ట్ మాత్రం కావట్లేదు. ఎవరిని నమ్మాలి?

కనెక్షన్‌ని. "యాక్టివ్" అంటే సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసుల్ని లేపి చూసుకునేది) దృష్టిలో ప్రాసెస్ మొదలైందని మాత్రమే. యూనిట్ ఫైల్లో (సర్వీసుని ఎలా నడపాలో సిస్టమ్‌డీకి చెప్పే ఫైల్) టైప్ "సింపుల్" అయితే, ప్రాసెస్‌ని పుట్టించిన మరుక్షణమే యాక్టివ్ అనేస్తుంది. అది కాన్ఫిగ్ చదివిందా, పోర్టు తెరిచిందా అన్నది దానికి పట్టదు. టైప్ "నోటిఫై" అయితే సర్వీసే "రెడీ" అని కబురు పంపేదాకా ఆగుతుంది. సర్వీసు మీరే రాస్తుంటే ఇది పెట్టండి.

ఉబుంటులో పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. "పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్" అనే సర్వీసు స్టేటస్ అడిగితే "యాక్టివ్, ఎగ్జిటెడ్" అని వస్తుంది. అది పేరుకి మాత్రమే ఉన్న గొడుగు యూనిట్. అసలు డేటాబేస్, తన క్లస్టర్ (ఒకే సర్వర్ నడిపే డేటాబేస్‌ల గుంపు) పేరుతో, వెర్షన్ నంబరుతో వేరే యూనిట్‌గా ఉంటుంది. అది పడిపోయినా ఇది పచ్చగానే నవ్వుతూ ఉంటుంది. "పీజీ ఎల్ఎస్ క్లస్టర్స్" కొడితే నిజం బయటపడుతుంది.

"డేటాబేస్ సిస్టమ్ ఈజ్ స్టార్టింగ్ అప్" అని వస్తే అది కూడా డౌన్ కిందే లెక్కా?

కాదు, "వస్తున్నా, ఆగు" అంటోంది. పోస్ట్‌గ్రెస్‌లో దీని కోడ్ 57పీ03. ఇలాంటప్పుడు మళ్ళీ ప్రయత్నించడం సరైన పని. "పీజీ ఈజ్‌రెడీ" అనే చిన్న కమాండ్ ఈ తేడాని ఎగ్జిట్ కోడ్‌లో (ముగిసేటప్పుడు వదిలే అంకె) చెబుతుంది: 0 అయితే సిద్ధం, 1 అయితే ఉంది కానీ ఇప్పుడు రానివ్వడం లేదు, 2 అయితే జవాబే లేదు, 3 అయితే అసలు ప్రయత్నమే జరగలేదు, మీరిచ్చిన వివరాలే తప్పు.

విండోస్‌లో 1053, 1068 అని నంబర్లు వస్తాయి. వాటికి అర్థమేంటి?

1053: స్టార్ట్ చేశాం, మామూలు గడువు 30 సెకన్లలో సర్వీసు బదులివ్వలేదు. 1058: సర్వీసుని డిసేబుల్ చేసి పెట్టారు. 1062: అసలు స్టార్ట్ కాలేదు. 1067: మొదలై ఠక్కున చచ్చిపోయింది. 1068: అది ఆధారపడే ఇంకో సర్వీసు లేవలేదు. 1069: సర్వీసు ఏ అకౌంట్‌తో నడవాలో ఆ లాగిన్ కుదరలేదు. పాస్‌వర్డ్ మార్చి సర్వీసులో మార్చడం మర్చిపోయినప్పుడు చూసేది ఈ చివరిదే. 1058కి మాత్రం రీట్రై (మళ్ళీ ప్రయత్నించడం) పూర్తిగా దండగ, ఎవరో ఒకరు వెళ్ళి ఎనేబుల్ చేసేదాకా వందసార్లు అడిగినా అదే జవాబు.

లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తుంది, కంటెయినర్‌లో పెడితే రెడిస్ (మెమరీలో డేటా దాచే సర్వీసు) దొరకడం లేదు.

కంటెయినర్ లోపల "లోకల్‌హోస్ట్" అంటే ఆ కంటెయినరే. కంపోజ్ (చాలా కంటెయినర్లని కలిపి నడిపే డాకర్ పనిముట్టు) వాడుతుంటే సర్వీసు పేరునే హోస్ట్‌గా రాయండి. సమస్య నూటికి తొంభైసార్లు ఇదే.

## కోడ్ రాసేటప్పుడు

మొత్తం కోడ్‌ని ఒక ట్రై-ఎక్సెప్ట్‌లో (పైథాన్‌లో ఎర్రర్ పట్టుకునే కట్టు) పెట్టేశాను. గ్రేస్‌ఫుల్ అంటే అదే కదా?

గ్రేస్‌ఫుల్ అంటే తప్పు జరిగినా హుందాగా తట్టుకోవడం. ఎర్రర్‌ని మింగేయడం గ్రేస్‌ఫుల్ కాదు. దానివల్ల వేరియబుల్ పేరు తప్పు రాసినా "సర్వర్ అందుబాటులో లేదు" అని చూపిస్తుంది, మీరు సర్వర్ని అనుమానిస్తూ కూర్చుంటారు. పైథాన్ 3.3 నుంచి ఈ ఎర్రర్లకి విడివిడి పేర్లున్నాయి: కనెక్షన్ రిఫ్యూజ్డ్ ఎర్రర్, ఫైల్ నాట్ ఫౌండ్ ఎర్రర్, పర్మిషన్ ఎర్రర్, టైమౌట్ ఎర్రర్. కనెక్ట్ అయ్యే రెండు మూడు లైన్ల చుట్టూ మాత్రమే ట్రై పెట్టి, మీకు ఏం చేయాలో తెలిసినవాటినే పట్టుకోండి. తెలియనివి పైకి పోనివ్వండి. పట్టుకున్న ఎర్రర్‌ని మీ సొంత ఎర్రర్‌గా మార్చి పంపేటప్పుడు, అసలుదాన్ని కారణంగా తగిలించి పంపండి. లేకపోతే లాగ్‌లో తోకే ఉంటుంది, తల ఉండదు.

ఎన్నిసార్లు రీట్రై చేయాలి? మా లీడ్ 3 అంటాడు, ఇంకొకాయన 10 అంటాడు.

సంఖ్య కన్నా మొత్తం ఎంతసేపు ఆగగలరన్నది ముఖ్యం. కౌంటర్ దగ్గర మనిషి ఎదురుచూస్తుంటే ఇరవై సెకన్లకి మించి లాగకండి. రాత్రి నడిచే బ్యాచ్ అయితే అరగంట ఆగినా పర్లేదు. ప్రయత్నాల మధ్య ఎడం పెంచుకుంటూ పోండి: 200 మిల్లీసెకన్లు, 400, 800, అలా రెట్టింపు, 30 సెకన్ల దగ్గర ఆపి ఇక అక్కడే ఉంచండి.

దానికి కొంచెం యాదృచ్ఛికత కలపడం మర్చిపోవద్దు, దీన్నే జిట్టర్ అంటారు. సిల్క్ బోర్డ్ దగ్గర సిగ్నల్ పచ్చబడగానే బైకులన్నీ ఒకేసారి దూకినట్టు, డేటాబేస్ లేచీ లేవగానే క్లయింట్లన్నీ ఒకే క్షణంలో మీద పడితే అది మళ్ళీ పడుతుంది. ఒక్కొక్కరూ కాస్త అటూ ఇటూగా వస్తే నిలబడుతుంది.

ఇంకో మాట. మీ లైబ్రరీ లోపల 3 సార్లు, దాని పైన మీరు 3 సార్లు, మీ పైన గేట్‌వే (రిక్వెస్టుల్ని లోపలికి పంపే ద్వారం) 3 సార్లు చొప్పున ప్రయత్నిస్తే అడుగున ఉన్న సర్వీసుకి 27 దెబ్బలు. రీట్రై ఒక అంతస్తులోనే పెట్టండి.

రిక్వెస్ట్ పంపాక మధ్యలో సర్వీసు పడిపోయింది. మళ్ళీ పంపొచ్చా?

ఇది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. "రిఫ్యూజ్డ్" వస్తే పని మొదలే కాలేదని గట్టిగా తెలుసు, ధైర్యంగా మళ్ళీ పంపొచ్చు. కానీ "కనెక్షన్ రీసెట్" (104), "బ్రోకెన్ పైప్" (32), లేదా జవాబు కోసం ఆగి టైమౌట్ వస్తే, పని అయిందో కాలేదో మీకు తెలియదు. డేటాబేస్ బిల్లుని కమిట్ చేసి (ఖాయంగా రాసేసి), "అయింది" అని చెప్పేలోపే పడిపోయి ఉండొచ్చు. గుడ్డిగా మళ్ళీ పంపితే ఒకే బిల్లు రెండుసార్లు పడుతుంది.

మందు ఏమిటంటే, ప్రతి పనికీ క్లయింట్ వైపే ఒక ప్రత్యేక నంబరు పుట్టించి, డేటాబేస్‌లో ఆ నంబరు మీద యూనిక్ నిబంధన (ఒకే నంబరు రెండుసార్లు రాకూడదని) పెట్టడం. రెండోసారి పంపినప్పుడు "ఇది ఉంది" అని తిరగ్గొడితే దాన్ని విజయంగానే లెక్కపెట్టుకోవాలి. అలాంటి నంబరు లేనిచోట ఆటోమేటిక్ రీట్రై పెట్టకండి. వాడేవారికి "బిల్లు ఎక్కిందో లేదో తెలియలేదు, జాబితాలో చూసి మళ్ళీ కొట్టండి" అని ఉన్నదున్నట్టు చెప్పండి.

సర్వీసు లేకపోతే నా ప్రోగ్రామే దాన్ని స్టార్ట్ చేసేస్తే?

వినడానికి బాగుంటుంది. కానీ అడ్మిన్ కావాలనే ఆపి ఉండొచ్చు, బ్యాకప్ తీస్తూనో డిస్క్ మారుస్తూనో. మధ్యలో మీరు లేపితే ఆయన నెత్తిన బండ పడ్డట్టే. పైగా సిస్టమ్ సర్వీసు స్టార్ట్ చేయడానికి రూట్ హక్కులు కావాలి, ఆ ఒక్క పని కోసం మీ ప్రోగ్రాంకి అంత హక్కు ఇవ్వడం అనవసరం. ఎలా స్టార్ట్ చేయాలో కమాండ్ చూపించండి, కొట్టడం వాళ్ళ చేతికి వదిలేయండి. అడిగినప్పుడు తనంతట తానే లేవాలంటే సాకెట్ యాక్టివేషన్ ఉంది: సాకెట్‌ని సిస్టమ్‌డీ ముందే పట్టుకుని కూర్చుంటుంది, మొదటి కనెక్షన్ రాగానే సర్వీసుని లేపుతుంది.

రెడిస్ పడిపోతే అది లేకుండానే నడిపించేయొచ్చా?

రెడిస్‌లో ఏముందన్నదాన్ని బట్టి. వట్టి క్యాష్ (త్వరగా ఇవ్వడానికి ఉంచుకున్న నకలు) అయితే నేరుగా డేటాబేస్‌కి వెళ్ళండి, కాకపోతే ఆ బరువు డేటాబేస్ మోయగలదా అని ముందే చూసుకోవాలి. సెషన్లుంటే (ఎవరు లాగిన్ అయి ఉన్నారన్న వివరాలు) అందరూ లాగౌట్ అవుతారు, అది చెప్పాలి. ఓటీపీ ఎన్నిసార్లు తప్పు కొట్టారన్న లెక్క అందులో ఉంటే, అది లేనప్పుడు తలుపు మూసేయడమే నయం. లేకపోతే ఎవరైనా కూర్చుని నంబర్లన్నీ ప్రయత్నిస్తారు.

## సందేశం రాసేటప్పుడు

వాడేవారికి ఏమని చూపించాలి? "సంథింగ్ వెంట్ రాంగ్" అని పెట్టాం.

అది చదివి ఎవరు ఏం చేయగలరు? మూడు సంగతులు కావాలి: ఏం జరగలేదు, వాళ్ళ పని భద్రంగా ఉందా, ఇప్పుడేం చేయాలి. "ధరల జాబితా తెరుచుకోలేదు. మీరు కొట్టిన బిల్లు ఈ మెషిన్‌లో భద్రంగా ఉంది. ఒక నిమిషం ఆగి మళ్ళీ నొక్కండి. అప్పటికీ రాకపోతే ఫోన్ చేసి డీబీ-12 అని చెప్పండి." రెండో సంగతినే అందరూ వదిలేస్తారు, వాడేవాళ్ళకి కంగారు దాని గురించే. హోస్ట్ అడ్రస్, పోర్టు, యూజర్‌నేమ్, స్టాక్ ట్రేస్ (ఎర్రర్ కోడ్‌లో ఏ దారిన వచ్చిందో చెప్పే జాబితా) ఇవన్నీ లాగ్‌లోకి. స్క్రీన్ మీద వద్దు.

ఏ భాషలో రాయాలి? మా క్లయింట్ షాపులో అందరూ కన్నడ వాళ్ళే.

కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్ళు చదివే భాషలో. బెంగళూరులో యజమాని తెలుగు, క్యాషియర్ కన్నడ, సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు అనే కొట్లు బోలెడు. అందుకే సందేశం పక్కన ఫోన్లో చదివి చెప్పగల పొట్టి కోడ్ ఒకటి పెట్టడం మంచిది. అది ఏ భాషలో చెప్పినా మారదు, మీరు హెబ్బాళ నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ట్రాఫిక్‌లో ఈదుకుంటూ పోవాల్సిన పనీ తప్పుతుంది.

నాది స్క్రిప్ట్, స్క్రీన్ లేదు. ఏం చేయాలి?

సందేశం స్టాండర్డ్ ఎర్రర్‌లోకి (ఎర్రర్ల కోసం విడిగా ఉన్న అవుట్‌పుట్), ఎగ్జిట్ కోడ్ సున్నా కానిది. యూనిక్స్‌లో పాత సంప్రదాయం ఉంది: 69 అంటే సర్వీసు దొరకలేదు, 75 అంటే తాత్కాలికం, మళ్ళీ ప్రయత్నించొచ్చు. ఎర్రర్ ప్రింట్ చేసి 0తో బయటికొచ్చే స్క్రిప్ట్ అన్నిటికన్నా ప్రమాదం, బ్యాకప్ తీయకుండానే తీసినట్టు నమ్మిస్తుంది.

## సర్వర్ ఎక్కించాక

యూనిట్ ఫైల్లో రీస్టార్ట్ ఆల్వేస్ (పడితే మళ్ళీ లేపు) పెట్టాను, అయినా సర్వీసు పడి లేవట్లేదు.

సిస్టమ్‌డీ మామూలుగా 100 మిల్లీసెకన్లలో తిరిగి లేపుతుంది. 10 సెకన్లలో 5 సార్లు మించితే విసిగి "స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ" అని వదిలేస్తుంది. డేటాబేస్ లేదని మీ సర్వీసు పుట్టగానే చచ్చిపోతుంటే ఆ ఐదూ సెకనులో అయిపోతాయి. రీస్టార్ట్ సెక్ (తిరిగి లేపే ముందు ఎంతసేపు ఆగాలి) విలువ 5 సెకన్లో అంతకన్నా ఎక్కువో పెట్టండి. ఇప్పటికే వదిలేసి ఉంటే "రీసెట్-ఫెయిల్డ్" కొట్టి స్టార్ట్ చేయండి.

"ఆఫ్టర్" అని యూనిట్ ఫైల్లో రాశాను. డేటాబేస్ తర్వాతే లేవాలి కదా?

"ఆఫ్టర్" వరుస మాత్రమే చెబుతుంది, డేటాబేస్‌ని లేపమని చెప్పదు. "వాంట్స్" లేపమంటుంది, వరుస చెప్పదు. రెండూ రాయాలి. "రిక్వైర్స్" రాస్తే, ఎవరైనా డేటాబేస్‌ని ఆపినప్పుడు మీ సర్వీసూ దానితోపాటే ఆగుతుంది. అది మీకు కావాలో లేదో ఆలోచించుకోండి, నాకైతే చాలాచోట్ల వద్దనిపిస్తుంది. ఇవన్నీ బూట్ సమయానికి సాయం మాత్రమే. మధ్యాహ్నం డేటాబేస్ పడితే కాపాడేది మీ కోడ్‌లోని రీట్రైయే.

కుబర్నెటీస్ లైవ్‌నెస్ ప్రోబ్‌లో డేటాబేస్ చెక్ పెట్టొచ్చా?

పెట్టకండి. కుబర్నెటీస్ అంటే చాలా మెషిన్ల మీద కంటెయినర్లని నడిపేది, లైవ్‌నెస్ ప్రోబ్ అంటే కంటెయినర్ బతికే ఉందా అని అది చేసే చెక్. లైవ్‌నెస్ తప్పితే కంటెయినర్‌ని రీస్టార్ట్ చేస్తుంది. డేటాబేస్ పడితే మీ పాడ్‌లన్నీ (కంటెయినర్లు నడిచే మూటలు) గుంపుగా రీస్టార్ట్ అవుతాయి, డేటాబేస్‌కి దానివల్ల ఏ మేలూ లేదు. ఆ చెక్‌కి రెడీనెస్ ప్రోబ్ (పని తీసుకోవడానికి సిద్ధమా అనే చెక్) సరైన చోటు, అక్కడ తప్పితే ట్రాఫిక్ పంపడం ఆపుతుందంతే.

రాత్రంతా ఒకే ఎర్రర్ రాసి లాగ్ డిస్క్ నింపేసింది.

ప్రతి ప్రయత్నాన్నీ రాయకండి. పడినప్పుడు ఒకసారి, లేచినప్పుడు ఎంతసేపు లేదో కలిపి ఒకసారి, మధ్యలో ఐదు నిమిషాలకోసారి "ఇంకా లేదు" అని. డిస్క్ నిండితే డేటాబేస్ లేవడానికి కూడా చోటుండదు.

ఇవన్నీ పనిచేస్తున్నాయో లేదో ఎలా టెస్ట్ చేయాలి? సర్వీసు ఆపి చూస్తే చాలా?

చాలదు, అది నాలుగింట ఒకటి. సర్వీసుని మర్యాదగా ఆపి చూడండి. తర్వాత పని మధ్యలో ఉండగా కిల్ మైనస్ 9 (ప్రాసెస్‌ని అక్కడికక్కడే చంపే కమాండ్) కొట్టి చూడండి. ఐపీటేబుల్స్‌లో (లినక్స్ ఫైర్‌వాల్) ఆ పోర్టుకి డ్రాప్ (ప్యాకెట్లు పారేయమని) పెట్టి, ఎంతసేపు వేలాడుతుందో గడియారం పెట్టుకుని చూడండి. నాలుగోది అందరూ మరిచిపోయేది: కిల్ మైనస్ స్టాప్. ప్రాసెస్ బతికే ఉంటుంది, గడ్డకట్టి ఉంటుంది. మీ టీసీపీ కనెక్షన్‌ని కెర్నెల్ దాని తరఫున ఒప్పేసుకుంటుంది, కాబట్టి కనెక్ట్ టైమౌట్ మోగదు. స్టేటస్ యాక్టివ్ అనే చూపిస్తుంది. జవాబు మాత్రం ఎప్పటికీ రాదు. రీడ్ టైమౌట్ పెట్టారా లేదా అన్నది ఇక్కడ తేలిపోతుంది. చూశాక కిల్ మైనస్ కాంట్ (తిరిగి నడవమని చెప్పేది) కొట్టి వదలండి, లేకపోతే పక్క టీమ్ వాళ్ళు వచ్చి మీ దగ్గర నిలబడతారు.